పధ్నాలుగు ఇళ్లకీ ఒకటే అటక

సూరమ్మ నెగ్గిన జగడాలు చాలా ఉన్నాయి గానీ, నేను కళ్లారా చూసింది అమ్మిరాజు ఇంటి జగడం. అది చెప్తే మనిషి ఎలాంటిదో తెలిసిపోతుంది.

గుఢియారీలో రైలు పట్టాలకి ఇవతల మాది పధ్నాలుగు ఇళ్ల లైను. ఇళ్లంటే పెద్ద ఇళ్లనుకునేరు. ముందొక వసారా, మధ్యలో ఒక గది, వెనక వంటకి ఇంత చోటు. అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. అందరం విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి రైల్వే పనికి వచ్చినవాళ్లమే. పైన నాటు పెంకులు, వాటి కింద వెదురు బద్దలు, ఆ కింద అటక. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ మనిషి ఎత్తు దాటి ఒక మూర లేచి అక్కడితో ఆగిపోయేది. ఆ పైన గోడ లేదు. మొదటి ఇంట్లో అటకెక్కిన పిల్లి పధ్నాలుగో ఇంట్లో పాలు తాగి దిగేది. కట్టించిన సేఠ్ ఇటుకలు మిగుల్చుకున్నాడు. మేమేమో అటక పెద్దగా ఉంది కదా అని సంతోషించాం.

మొదటి ఇల్లు సూరమ్మది. మొగుడు తాతయ్య పాయింట్స్‌మన్. రెండో ఇల్లు నాది. మా ఆయన రామమూర్తి గూడ్సు ఆఫీసులో గుమాస్తా. లైనులో కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి ఆయనొక్కరే. అది ఎవరూ మర్చిపోకుండా నేను చూసుకునేదాన్ని.

అమ్మిరాజు లోకో షెడ్డులో ఫిట్టరు. ఇంజన్లు తుడిచి పారేసిన నూనె పీచు బస్తాలకెత్తి ఇంటికి తెచ్చేవాడు. బొగ్గుల కుంపటి రాజెయ్యడానికి అది పిడికెడు చాలు. తనకి నచ్చిన వాళ్లకి పిడికెడు పెట్టేవాడు, నచ్చని వాళ్లకి పొమ్మనేవాడు. మూడు బస్తాలు అటక మీద పెట్టుకున్నాడు. అరవై మూడో సంవత్సరం, ఎండాకాలం. సూరమ్మ వాళ్ల గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. నేను చాటలో బియ్యం ఏరుకుంటూ వాళ్లావిడ గంగాభవాని పక్కనే కూర్చుని ఉన్నాను.

"రాజుగారూ, ఆ బస్తాలు దింపీండి. నూనె పీచు ఊరికే మూటగట్టి ఉంచినా వేడెక్కుతాది."

"మా ఇల్లు, మా అటక. నీకేటమ్మా తక్లీఫు?"

"మీ ఇల్లు మీదే. అటక మీది కాదు. అటక పధ్నాలుగు ఇళ్లది."

"ఇరవై ఏళ్లై ఇంజన్ల కాడ ఉన్నాను. పీచు సంగతి నాకు పాయింట్స్‌మన్ పెళ్లాం చెప్పాలా? ఏం అవదు. కింద పొయ్యి పెట్టుకున్నా ఏం అవదు. బస్, వెళ్లు."

"పొయ్యి పెట్టుకున్నా ఏం అవదా?"

"అవదన్నాను కదా."

"సరే మరి," అని వెళ్లిపోయింది. మేమిద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఆగకముందే, మండుతున్న కుంపటిని చెవులు పట్టుకుని మోసుకొచ్చి, సరిగ్గా ఆ బస్తాల కింద దించింది. కుంపటి మీద మూతపెట్టిన గిన్నె. పక్కనే గంగాభవాని పసివాడి ఉయ్యాల. చతికిలబడి విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది. రవ్వలు లేస్తున్నాయి.

"అదేటి సూరమ్మా, ఇక్కడెందుకు పెట్టావు?" అంది గంగాభవాని.

"మా ఇంట్లో పొగ ఎక్కువైంది తల్లీ. పప్పు ఉడికేదాకా ఇక్కడుంటాను. గుంటడ్ని ఉయ్యాల్లోనే ఉండనీ. ఏం అవదని రాజుగారే సెప్పారు."

ఇంకా గట్టిగా విసిరింది. ఒక రవ్వ ఉయ్యాల గుడ్డ మీద పడి, నల్లటి చుక్క పెట్టి ఆరిపోయింది. గంగాభవాని ఏడవలేదు, అరవలేదు. మొగుడి మొహంలోకి చూసి "దింపు" అంది. అంతే. అమ్మిరాజు మూడు బస్తాలూ ఒకటొకటిగా దింపి, వీపున వేసుకుని పట్టాల అవతల పారేసి వచ్చాడు. మూడో బస్తా గుమ్మం దాటేదాకా సూరమ్మ విసనకర్ర ఆపలేదు. తరవాత గిన్నె మూత తీసింది. ఒట్టి నీళ్లు.

"పప్పు వెయ్యడం మర్సిపోనాను," అంది.

అందరూ ఈ సంగతి నవ్వుకుంటూ చెప్తారు. నేను ఆవిడ పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. అమ్మిరాజు మొండికేసి ఉంటే ఆమె విసురుతూనే ఉండేది, పసివాడున్నా సరే.

ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకొక్కదానికే చెప్పింది, అదీ ఒకసారే. చిన్నప్పుడు శ్రీకాకుళం దగ్గర వాళ్లూరు. నలభై తాటాకు ఇళ్లు. ఒక ఇంట్లో దాలిగుంట నుంచి నిప్పు లేచింది. పక్కింటి కప్పు లాగేస్తే అక్కడితో పోయేది. "మాదెందుకు, వాళ్లది లాగండి" అని ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ నిలబడ్డారట. ఒక్క పూటలో నలభై ఇళ్లూ కాలిపోయాయి. ఈవిడ తల్లీ, ఇద్దరు చెల్లెళ్లూ పోయారు. చెప్తున్నప్పుడు కళ్లు తుడుచుకోలేదు. "ఆ ఇళ్లకీ ఈ ఇళ్లకీ తేడా ఏటొదినా, అక్కడ తాటాకు, ఇక్కడ పెంకు," అంది. ఆ మనిషికి బతుకులో కావలసింది ఒకటే. ఈ లైను అలా పోకూడదు. దానికోసం మమ్మల్ని కాల్చుకు తినేది.

మొదట ఇంటింటికీ ఒక ఇసక బాల్టీ పెట్టించింది. శనివారం శనివారం తనిఖీకి వచ్చేది, ఏదో పెద్ద దొరసానిలాగ. చెయ్యి పెట్టి ఇసక కెలికి చూసేది. మేం ఊరుకుంటామా? ఆ ఇసకతో గిన్నెలు తోముకున్నాం. బాల్టీల్లో బట్టలు నానబెట్టాం. ఒకరింట్లో పిల్లి ఈనింది. ఆవిడకి కోపం వచ్చి బాల్టీలన్నీ ఎత్తుకుపోయి తన వసారాలో వరసగా పెట్టుకుంది. "మీ సేతుల్లో ఉంటే ఉండవు," అంది. ఒక నూనె డ్రమ్ము సంపాదించి, కుళాయి వచ్చినప్పుడల్లా మోసి నింపేది. పన్నెండు అడుగుల వెదురుగడకి ఇనప కొక్కెం బిగించింది, పెంకులు లాగడానికి. అన్నీ తన వసారాలోనే. ఎవరైనా చెయ్యి వేస్తే గయ్‌మనేది. అన్నీ ఒక్కచోట, తన గుప్పిట్లో పెట్టుకోవడం ఆవిడ చేసిన తప్పు. గర్వంతో చేసింది. ఆ మాట లైనులో ఎవరికీ తోచలేదు, నాకు తోచింది, నేనూ నోరు విప్పలేదు.

ఇంకో ఏర్పాటు కూడా చేసింది. ఏ ఇంట్లో కదల్లేని మనిషి ఉంటే, ఆ మనిషిని పక్కింటివాళ్లు మొయ్యాలి. సొంతవాళ్లైతే ఏడుస్తూ కూర్చుంటారట, పక్కవాళ్లైతే పని చేస్తారట. మూడో ఇల్లు భీమారావుది. వాళ్లమ్మ కోటమ్మకి పక్షవాతం, మంచం దిగలేదు. "కోటమ్మత్త నీ మనిషి వదినా," అని నాకు అప్పజెప్పింది. సరేనన్నాను. అప్పుడు సరేననడానికి ఏం పోయింది?

ఇక ఆవిడ చెప్పే సూత్రం ఒకటే. అంటుకున్న ఇంటిని వదిలెయ్యాలి. దాని పక్కింటి కప్పు లాగాలి. అది ఎవరిదైనా సరే.

అరవై ఎనిమిది మే నెలలో తాతయ్య వడదెబ్బ తగిలి పోయాడు. డ్యూటీ నుంచి వచ్చి గదిలో చాప మీద పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. పెద్దమనిషి తరహా మనిషి, పెళ్లాం నోటికి జడిసి అలవాటైనవాడు. దహనం అయ్యాక, ప్రాణం పోయిన చోట దీపం పెట్టాలి కదా. సూరమ్మ లాంతరు తెచ్చింది.

"ఏమే, అదేటి?" అన్నాను.

"లాంతరొదినా. గాజు చిమ్నీ ఉంటాది. ఎలక రాదు."

"పోయిన మనిషికి కిరసనాయిలు లాంతరు ఏ ఊళ్లో పెడతారే? మట్టి ప్రమిద, నువ్వుల నూనె, దక్షిణం వైపు వత్తి. పదిరోజులూ ఆరకూడదు."

"నూనె వాసనకి ఎలక వత్తి లాక్కుపోతాది. మండే వత్తి అటకెక్కిందంటే..."

"ఎలకలు నీ ఇంట్లోనే పుట్టాయా? మా మావగారు పోతే మేం పెట్టలేదా? కట్టుకున్నవాడు చీకట్లో దారి తెలీక తిరగాలి, నీ పెంకులు మాత్రం చల్లగా ఉండాలి. అంతేనా?"

పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పదిమందీ ఆవిడ వైపు చూశారు. ఆవిడ లాంతరు పక్కన పెట్టి ప్రమిద తెచ్చింది. సూరమ్మతో నేను నెగ్గిన జగడం అదొక్కటే.

నాలుగు రోజులు ఆ దీపం పక్కన కర్ర పట్టుకుని కూర్చుంది. తిండి అక్కడే, కునుకు అక్కడే. ఎలక చప్పుడైతే కర్రతో నేలకేసి కొట్టేది. గోడ పైన ఖాళీలోంచి మాకు వినపడేది. "మొగుణ్ణి కాస్తోందా, ఎలకల్ని కాస్తోందా?" అని నేను అంటే మా ఆయన కూడా నవ్వాడు.

ఐదో రోజు కొడుకు అచ్చయ్యతో కలిసి అస్థికలు ఖారున్ నదిలో కలపడానికి వెళ్లాలి. పొద్దున్నే మా వసారాకి ఐదడుగుల దూరంలో, మైల మనిషి ఎంత దూరంలో నిలబడాలో అంత దూరంలో ఒక్కతే వచ్చి నిలబడింది.

"వదినా, ఆర్పీసి వెళ్తాను. వచ్చి మళ్లీ ఎలిగిస్తాను."

"ఆర్పకూడదని చెప్పానా లేదా? నేను బయటనుంచి నీ కిటికీలోంచి చూస్తుంటాలే."

"సూస్తావా?"

"చూస్తానన్నాను కదా. ఎన్నిసార్లు అడుగుతావు?"

"మద్దేనానికి వచ్చీస్తాం," అని తాళం వేసి వెళ్లింది.

ఆ రోజు మా ఆవకాయ మూడో రోజు. ఆవకాయ పెట్టిన ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మూడో రోజు తిరగ్గలపాలి, ఉప్పు చూసుకోవాలి, నూనె పొయ్యాలి. రెండు పెద్ద జాడీలు, ఏడాదికి సరిపడా. తలస్నానం చేసి, తడి చెయ్యి తగలకుండా, మైల గాలి సోకకుండా చేసుకోవాలి. పక్కనే మైల ఇల్లు ఉండటంతో నా ప్రాణం ముందే విసుగ్గా ఉంది. కిటికీలోంచి రెండుసార్లు చూశాను. దీపం నిలకడగా వెలుగుతోంది. మూడోసారి చూడలేదు.

పదకొండు గంటలప్పుడు బయట గంగాభవాని అరిచింది. సూరమ్మ ఇంటి పెంకుల సందుల్లోంచి పొగ వస్తోంది, ఇడ్లీ పాత్ర మూత కింద నుంచి వచ్చినట్టు. కిటికీలోంచి చూస్తే ప్రమిద బోర్లా పడి ఉంది. వత్తి లేదు. పైన అటక మీద ఎర్రగా ఉంది.

మగవాళ్లందరూ డ్యూటీల్లో ఉన్నారు. ఇంట్లో ఉన్నది రాత్రి డ్యూటీ చేసి పడుకున్న అమ్మిరాజు ఒక్కడు. కుళాయి పొద్దున్నే ఆగిపోయింది. ఎవరింట్లోనూ రెండు బిందెల కంటే ఎక్కువ నీళ్లు లేవు. ఎదురుగా సూరమ్మ వసారాలో డ్రమ్ము నిండుగా ఉంది. దాని పక్కన పధ్నాలుగు ఇసక బాల్టీలు. గోడకి ఆనించిన కొక్కెం గడ. వసారా ఇంకా అంటుకోలేదు. నాలుగడుగులు వేస్తే అందుతాయి.

మేం ఇరవైమందిమి నిలబడి వాటిని చూశాం.

మైల ఇంటి సామాను ముట్టుకుంటే ఏమవుతుంది? నెత్తిన రెండు చెంబులు పోసుకోవాలి. అంతే. అది అందరికీ తెలుసు. అమ్మిరాజు మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఎల్లుండి తిరపతి ప్రయాణం. రెండో గుంటడి పుట్టెంట్రుకలు. ఆవిడ మైల తగిలితే మొక్కు ఆగిపోద్ది. దిగు," అంది గంగాభవాని.

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. "స్టేషన్‌కి పోయి ఫైరింజన్‌కి ఫోను చేయిస్తాను," అని చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. పరిగెత్తడానికి మంచి కారణం దొరికిన మనిషి పరుగు అది. ఎవరో తమ బిందెలోంచి చెంబుడు నీళ్లు తలుపు మీద చల్లారు. పెళ్లివారి మీద పన్నీరు చల్లినట్టుంది.

అచ్చయ్య ఇంకా ఏటి దగ్గరే ఉన్నాడు, ముందొచ్చేసిన సూరమ్మ రిక్షా దిగుతూనే చూసింది. తడి చీర, విరబోసుకున్న జుట్టు. తన ఇంటి వైపు ఒక్క చూపు చూసి మానేసింది. నేరుగా వసారాలోకి వెళ్లి గడ తీసుకుని నా మెట్ల దగ్గరికి వచ్చింది.

"వదినా, నాది పోయింది. దాన్ని ఒగ్గీ. మీ కప్పు దించాలి. జల్దీ."

నేను గుమ్మంలో రెండు చేతులూ అడ్డంగా చాచి నిలబడ్డాను.

"మైలతో నా గడప దాటకు. లోపల జాడీలున్నాయి."

"ఏటున్నాయి?"

"ఆవకాయ జాడీలు. బయట పెట్టుకోనీ."

నా మొహంలోకి చూసింది. ఆ చూపు గురించి నేను రాయను.

ఒక్కొక్క జాడీ ఇద్దరు మొయ్యాల్సింది. నేనొక్కదాన్నే మోశాను. ఒకటి తెచ్చి వేపచెట్టు కింద పెట్టి, రెండోదానికి వెళ్లాను. దేవుడి పటాలు తెచ్చాను. ఆ కాసేపూ ఆవిడ గడ పట్టుకుని మెట్ల కింద ఆగింది. బయట చూరు నుంచి లాగింది కానీ, లోపల అటక ఖాళీ చెయ్యందే అది పనికిరాదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఉయ్యాల కింద నిప్పు పెట్టిన మనిషి నన్ను ఎందుకు తోసెయ్యలేదు? తోసెయ్యాల్సింది. ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. మైల అనే మాటకి ఆవిడా మాలాగే లొంగింది, అంతకంటే నాకేం తోచడం లేదు.

రెండో జాడీ గుమ్మం దాటేసరికి నిప్పు గోడ మీదనుంచి నా నెత్తి పైకి వచ్చేసింది. అక్కణ్ణుంచి మూడో ఇంటి అటక మీదికి పాకింది. లోపల కోటమ్మ "ఒరే భీమా" అని పిలుస్తోంది. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. కోడలు పిల్లల్ని లాక్కుని బయటికి వచ్చేసింది. కోటమ్మ నా మనిషి. నా చేతుల్లో జాడీ ఉంది.

సూరమ్మ గడ పారేసి లోపలికి పోయింది. కోటమ్మని వీపు మీద వేసుకుని బయటికి వచ్చింది. పైనుంచి రాలిన వెదుర్లని కుడి చేత్తో తోసుకుంటూ వచ్చింది. ఆ చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. కోటమ్మకి కాళ్లూ వీపూ కాలాయి. నేల మీద దింపగానే ఆ ముసలావిడ అన్న మొదటి మాట, "మైల ముండా, నన్నెందుకు ముట్టుకున్నావే? నాకు నీళ్లు పొయ్యండ్రా."

సూరమ్మ ఆ మాట విందో లేదో. ఎడమ చేత్తో గడ తీసుకుని ఐదో ఇంటికి పోయింది. నాలుగోది అప్పటికే అంటుకుంది. ఐదో ఇంటివాళ్లని అడగలేదు, లోపలికి దూరి అటక మీద ఉన్నదంతా బయటికి విసిరి, కప్పు మొత్తం పీకి కింద పారేసింది. నిప్పు అక్కడ ఆగింది. ఫైరింజన్ వచ్చేసరికి ఆర్పడానికి బూడిద ఉంది. నాలుగు ఇళ్లు కాలిపోయాయి, ఒకటి కప్పు పోయింది, తొమ్మిది ఇళ్లు నిలిచాయి.

కోటమ్మ రెండో రోజు ఆస్పత్రిలో పోయింది. నా ఇల్లు పోయింది. జాడీలు మిగిలాయి. ఆ ఏడాది ఆవకాయ బాగా కుదిరింది. లైనులో అందరికీ పెట్టాను, అందరూ తిన్నారు.

పన్నెండో రోజు కుళాయి దగ్గర అందరూ కూర్చున్నారు. సూరమ్మ కుడి చేతికి కట్టు. వేళ్లు అప్పటికే ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. తల్లి పోయిన భీమారావు లేచి అడిగాడు.

"సూరమ్మా, ఇన్నేళ్లు మా పొయ్యిల్లో తలపెట్టి చూశావు. నీ ఇంట్లో దీపం వదిలేసి ఎలా పోయావు? వెలుగుతున్న దీపాన్ని తాళం వేసిన ఇంట్లో పెట్టి ఎలా పోయావు?"

ఆవిడ నా వైపు చూసింది, ఒక్కసారి. నేను పైట సర్దుకున్నాను. లాంతరు తీయించి ప్రమిద పెట్టించిన జగడం విన్న పదిమంది ఆడవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. వాళ్లూ సర్దుకున్నారు.

"నా ఇంటి దీపం. నానే పెట్టాను. నానే ఒగ్గీసి పోనాను," అంది.

అచ్చయ్య తల వంచుకుని తల్లి పక్కన నిలబడి ఉన్నాడు. గంగాభవాని పెద్దగా అంది, "ఊరందరికీ నీతులు చెప్పి, ఆఖరికి లైను తగలెట్టింది ఆవిడే." కొందరు నవ్వారు. సేఠ్ మిగతా ఇళ్లకి కప్పు వేయించి, మొదటి ఇల్లు వేరే వాళ్లకి ఇస్తానన్నాడు. మేమెవరం అడ్డు చెప్పలేదు. మా ఆయన కాగితం రాస్తే సేఠ్ వినేవాడే. రాయమని నేను అనలేదు.

సూరమ్మ పట్టాల అవతల ఒక పాకలోకి మారింది. ఎడమ చేత్తో తూకం వేస్తూ బజారులో కూరగాయలు అమ్మింది. నేను వేరే దుకాణంలో కొనుక్కునేదాన్ని. ఆవిడ డ్రమ్ము కొన్నాళ్లు సున్నం కలుపుకోవడానికి పనికొచ్చింది. బాల్టీలు ఎవరికి దొరికినవి వాళ్లు పట్టుకెళ్లారు. గడకి చీరలు ఆరేసుకున్నారు. గోడలు కొత్తగా కట్టినా మళ్లీ అంత ఎత్తే కట్టారు. రెండేళ్లు తిరక్కుండా అమ్మిరాజు అటక మీద నూనె పీచు బస్తాలు ఎక్కాయి. వెళ్లి అడగడానికి ఎవరికి నోరుంది?

ఇరవై నాలుగేళ్లు గడిచాయి. మా ఆయన రిటైరయ్యాక మేం శంకర్ నగర్‌లో స్లాబు ఇల్లు కొనుక్కున్నాం. తొంభై రెండు వేసవిలో ఒక రోజు పొద్దున్న నడివయసు మనిషి గేటు దగ్గర నిలబడ్డాడు. అచ్చయ్య. ఉర్లాలో రోలింగ్ మిల్లులో పనిచేస్తున్నాడట.

"అమ్మ మిమ్మల్ని రమ్మంది. ఎక్కువ రోజులు ఉండదండి," అన్నాడు.

టెంపోలో తీసుకెళ్లాడు. మిల్లు గోడ వెనక మళ్లీ ఒక లైను. పదహారు గదులు, పైన సిమెంటు రేకులు, రేకుల కింద చెక్క దూలాలు. మధ్య గోడలు సగం దాకా లేచి ఆగిపోయాయి. ఆ పైన గోనెపట్టాలు వేలాడదీసుకున్నారు. పక్క గదిలో పసిపిల్లలు కొట్టుకుంటున్న గొడవ మన చెవిలోనే ఉన్నట్టుంది. సూరమ్మ మంచం మీద ఇంతే ఉంది. నేను గుమ్మంలో ఆగాను.

"రా వదినా, పరవాలేదు. మైలేటీ లేదు, ఇంకా బతికే ఉన్నాను."

కూర్చున్నాను. కుడి చెయ్యి దుప్పటి బయట ఉంది. వేళ్లు లేవు, ఒక ముద్ద ఉంది. అచ్చయ్యని టీ తెమ్మని పంపేసింది.

"ఎలా ఉన్నావే?" అన్నాను.

"కనపడతాలేదా? నువ్వు బలిసావు. ఆవకాయ వొంటబట్టింది."

ఆవిడ పక్క గది వైపు కళ్లతో చూపించింది.

"అటుపక్క నలుగురు గుంటలు. తల్లీ తండ్రీ మిల్లుకి పోతారు, తాళం ఏసి. దూలాల మీద ఎలకలు. నాను పోతే అచ్చయ్య ఇక్కడ ప్రమిద పెడతాడు. నువ్వుల నూనె తెచ్చి ఉంచాడు. గూట్లో సూడు."

గూట్లో సీసా ఉంది.

"వద్దని చెప్పలేకపోయావా?"

"సెప్పాను. వాడేటన్నాడో తెల్సా? 'నాన్నకి పెట్టిన దీపం ఒగ్గీసి ఊరు తగలెట్టావు, నీకు పెట్టిన దీపం దగ్గర నాను పదిరోజులూ కూకుంటాను, నీలాగ ఒగ్గీసి పోను' అన్నాడు. డ్యూటీకి పోకుండా పదిరోజులు ఏ మేనేజరు ఒప్పుకుంటాడు? మూడో రోజుకి పోతాడు. తాళం ఏసి పోతాడు."

ఊపిరి అందక ఆగింది. నేను విసనకర్ర తీసుకోబోతే వద్దంది.

"ఇరవై నాలుగేళ్లుగా నా కొడుకు నన్ను అలాగే సూస్తన్నాడు. నానూ సెప్పలేదు. సెప్తే నమ్మడు, నీ మీదికి తోసీశాననుకుంటాడు. అది నువ్వే సెప్పాలి."

"ఏం చెప్పాలి?"

"నాను పోయిన కబురు నీకొస్తాది. ఎవర్నో ఒకర్ని పంపుతారు. వచ్చీ. దీపం తెచ్చినప్పుడు ఈ గుమ్మంలో అడ్డంగా నిలబడు. అది నీకు బాగా వచ్చు. పెట్టనివ్వకు. ఎందుకని వాడడుగుతాడు, అందరూ అడుగుతారు. లాంతరు తీయించింది ఎవరో, ఆర్పొద్దన్నది ఎవరో, సూస్తానని సూడనిది ఎవరో, అందరి ముందరా, నీ నోటితోనే, నా కొడుక్కి సెప్పు. సెప్పినాకే స్నానానికి పో."